జపాన్‌లో భూకంపం, సునామీ – అన్న ఫోన్ కలవట్లేదు

పాలమూరు తమ్ముడు
11 మార్చి 2011, మధ్యాహ్నం 1:05

అందరికీ నమస్కారం. మీలో జపాన్‌లో ఉన్నవాళ్లు గానీ, అక్కడ మనవాళ్లు తెలిసినవాళ్లు గానీ ఉంటే జర ఇది చూడండి. ఇవాళ మన టైం ప్రకారం 11:16కి అక్కడ చాలా పెద్ద భూకంపం వచ్చింది. మా అన్న కవాసాకిలో ఉంటాడు, ఆఫీసు టోక్యోలో. వార్త తెలిసినప్పటి నుంచి చేస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా రింగ్ కాలేదు.

నిన్నటి మిలియన్ మార్చ్ వార్తలు చూద్దామని టీవీ పెట్టాను. ట్యాంక్‌బండ్ బదులు సముద్రం కనపడింది. నల్లటి నీళ్లు పొలాల మీదుగా వస్తున్నాయి. వాటి మీద ఇళ్లు తేలుతున్నాయి, అందులో ఒకటి మండుతోంది. నీళ్ల మీద మండుతూ పోయే ఇల్లు నేనెప్పుడూ చూడలేదు. రోడ్డు మీద ఎవరో కారు వెనక్కి తిప్పుకుంటున్నారు, అంతలో కెమెరా పక్కకు పోయింది. ఆ కారు ఏమైందిరా అని అమ్మ అడుగుతూనే ఉంది. అన్నకు కారు లేదు. అయినా అడుగుతోంది.

పొద్దున వండిన అన్నం అట్లే ఉంది. ఎవరికైనా ఏమైనా తెలిస్తే చెప్పండి.

మిర్యాలగూడ అక్క
11 మార్చి, 1:22

తమ్ముడూ, కవాసాకి టోక్యో పక్కనే అని ముందు అమ్మకు చెప్పు. టీవీలో చూపిస్తున్న సెండాయ్ అక్కడికి ఉత్తరాన దాదాపు 300 కిలోమీటర్లు. అంత పెద్దది వచ్చినప్పుడు లైన్లన్నీ జామ్ అవుతాయి. ఫోన్ కలవనంత మాత్రాన మనిషికి ఏదో అయిందని కాదు. మెయిల్ పెట్టు, మెయిల్ పోతుంది. అమ్మకు కాస్త మజ్జిగైనా తాగించు. నేను ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నా, మధ్యమధ్యలో చూస్తుంటాను.

దేవరకొండ
11 మార్చి, 1:30

పైలం తమ్ముడూ. మీ అన్న క్షేమంగా ఉంటాడు. ఆ నీళ్లు చూస్తుంటే కడుపులో దేవినట్టు అవుతోంది. ఎంతమంది పిల్లలు బడిలో ఉన్నారో ఆ టైంకి.

సూర్యాపేట 65
11 మార్చి, 1:41

అన్నలూ, మన బందరు, వైజాగ్ దిక్కు కూడా వస్తుందా? మా చిన్నాయన వాళ్లు మచిలీపట్నం దగ్గర ఉంటారు. 2004లో ఆదివారం పొద్దున సుమత్రాలో భూకంపం వస్తే ఇక్కడిదాకా నీళ్లు వచ్చాయి కదా. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ మాస్టారు
11 మార్చి, 2:15

సూర్యాపేట బాబూ, భయపడకు. ఇది పసిఫిక్ సముద్రంలో వచ్చింది. మనకూ దానికీ మధ్య ఇండోనేషియా దీవులన్నీ అడ్డుగోడలా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, ప్రగతినగర్‌లో. 2004 తర్వాత దేశానికి సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే పెట్టారు, 2007 నుంచి పనిచేస్తోంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని మూడు దిక్కులా సముద్రాన్ని కాపలా కాస్తారు వాళ్లు. మన తీరానికి ప్రమాదం లేదని వాళ్లే చెప్పారు. చిన్నాయనకు ఫోన్ చేసి ధైర్యం చెప్పు.

అక్కడ ఏం జరిగిందో నాకు అర్థమైనంత చెప్తాను. సముద్రం అడుగున భూమి పైపొరలోని ఒక పలక ఇంకో పలక కిందకు ఏటా ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల చొప్పున జారుతూ ఉంటుంది. మన గోరు పెరిగే వేగానికి రెండింతలు అనుకోండి. కానీ రెండూ పట్టుకుపోయి ఉంటాయి. పై పలక కొస వంగుతూ, వంగుతూ, వందల ఏళ్లు ఓర్చుకుని, ఒక్కసారి విదిలించుకుంటుంది. అప్పుడు సముద్రపు అడుగు పైకి లేస్తుంది, దాని మీదున్న నీళ్లన్నీ లేస్తాయి. గాలికి వచ్చే అల పైపైన ఆడుతుంది. ఇది అట్లా కాదు, అడుగు నుంచి పైదాకా మొత్తం నీరు కదులుతుంది. లోతులో విమానమంత వేగంగా పోతుంది, అక్కడ పడవలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి వేగం తగ్గుతుంది, వెనక నీళ్లు వచ్చి ముందు నీళ్ల మీద పడతాయి, ఎత్తు పెరుగుతుంది. అందుకే అది అలలా విరిగి వెనక్కి పోదు. ఏరు పొంగినట్టు వస్తూనే ఉంటుంది.

పాలమూరు తమ్ముడూ, నీ పోస్టు చదివి నా భార్య దేవుడి దగ్గర దీపం పెట్టింది. మీ అన్న కబురు తెలియగానే రాయి.

పాలమూరు తమ్ముడు
11 మార్చి, సాయంత్రం 6:48

మెయిల్ వచ్చింది!! అన్న బాగున్నాడు. ఇంటికి నడిచి చేరాడు. అమ్మ ఏడుస్తోంది, మళ్లీ రాస్తాను. మిర్యాలగూడ అక్కా, మీరు చెప్పకపోతే నేను ఫోన్ పట్టుకునే కూర్చునేవాణ్ని.

దేవరకొండ
11 మార్చి, 6:55

హమ్మయ్య.

రాజోలి మగ్గం
12 మార్చి, తెల్లవారుజామున 4:50

మీరంతా రాసినవి చదివాను. తమ్ముడి అన్న దొరికినందుకు సంతోషం. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. నేను తక్కువ రాసే మనిషిని, ఇవాళ కొంచెం ఎక్కువ రాస్తాను.

మాది తుంగభద్ర ఒడ్డున రాజోలి. 2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగిందని అందరికీ గుర్తుంది. ఆ నీళ్లే మా ఊరినీ తీసుకుపోయాయి. జపాన్ సముద్రంతో మా ఏటిని పోల్చడం లేదు. మాకు పరుగెత్తడానికి టైం దొరికింది, వాళ్లకు అంత టైం దొరికినట్టు లేదు. కానీ టీవీలో ఒకామె బురదలో నిలబడి, ఇల్లు ఉన్నచోట, కిందకే చూస్తోంది చూశారా? ఏడవట్లేదు. ఏదో వెతుకుతోంది. ఆమె ఏం వెతుకుతోందో నాకు తెలుసు.

నీళ్లు తీశాక మేం ఊళ్లోకి పోతే ముందు ఇల్లే గుర్తుపట్టలేదు. వాకిట్లో వేపచెట్టును బట్టి ఇదే మనది అనుకున్నాం. మగ్గం గుంట ఒండుమట్టితో నిండి, నేలతో సమానమైపోయింది. అందులో సగం నేసిన చీర ఉంది, పడుగు మీదే. చేత్తో తవ్వాను. దారం దొరికింది కానీ రంగు లేదు, అంతా బురద రంగే. దువ్వెనలా ఉండే అచ్చు పళ్లలోకి మట్టి పోయి ఎండి రాయిలా అయింది. దారాన్ని అటూఇటూ తీసుకుపోయే నాడె దొరకనే లేదు. మా నాయన వాడిన నాడె అది.

నాడె పోతే ఇంకోటి వస్తుంది. మా పెళ్లి ఫోటోలు, మా అమ్మది ఉన్న ఒకే ఒక్క ఫోటో, వాటి కోసం నా భార్య రెండు రోజులు వెతికింది. ట్రంకు పెట్టె ఏటి దిక్కు ముళ్లకంపలో దొరికింది. ఆల్బం తడిసి ఇటుకలా ఉంది. తెలియక ఎండలో పెట్టాం. ఎండలో పెట్టిన సగం ఫోటోలు చుట్టుకుపోయి, ముఖాలు పొరలుగా లేచిపోయాయి. గద్వాలలో ఒక ఫోటోస్టూడియో ఆయన చెప్పాడు, ఎండ తగలనీయొద్దు, చల్లటి మంచినీళ్లలో ఉంచి కడగమని. అమ్మ ఫోటో అట్లా దక్కింది. ఒక చెవి, భుజం పోయాయి. ముఖం ఉంది.

ఆ ఊరివాళ్లకు నా మాట చేరదు. అయినా చెప్పాలనిపించింది. అమ్మా, నీకు అది దొరకాలి.

మిర్యాలగూడ అక్క
12 మార్చి, 7:10

అన్నా, ఉదయం డ్యూటీకి పోతూ బస్సులో చదివాను. పక్కసీటు ఆవిడ ఏమైందమ్మా అని అడిగింది. ఆమెకూ చదివి వినిపించాను.

వనపర్తి
12 మార్చి, 9:35

బట్టలు సేకరించి పంపుదామా? మా కాలేజీలో పిల్లలు రెడీగా ఉన్నారు. మా వీధిలో కూడా అడుగుతాను. ఎలా పంపాలో ఎవరైనా చెప్పండి.

రాజోలి మగ్గం
12 మార్చి, 1:15

వనపర్తి తమ్ముడూ, నీ మనసు మంచిది, ఆ పిల్లల మనసూ మంచిది. కానీ పాత బట్టలు వద్దు. మా దగ్గరికి లారీల కొద్దీ వచ్చాయి. చిరిగినవి, చిన్నపిల్లలవి, గుండీలు లేనివి. రోడ్డు పక్కన కుప్పపోసి పోయారు, వానకు తడిసి కుళ్లాయి. మేం ముందే బురద ఎత్తుతున్నాం, అవి కూడా మేమే ఎత్తాం. ఇచ్చిన వాళ్లను తప్పు పట్టను, వాళ్లకు తెలియదు.

మొదటి రాత్రి మాకు కావాల్సింది తాగే నీళ్లు, చెద్దర్లు. రెండో రోజు గంజులు, గ్లాసులు. ఆడవాళ్లకు చాటు. తర్వాత రేషన్ కార్డు, పట్టా కాగితాలు, అవి పోయినవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగడానికి చార్జీలు. పక్క ఊరివాళ్లు ట్రాక్టర్‌లో పులిహోర తెచ్చి, మాతోపాటు కూర్చుని తిన్నారు. అది ఇప్పటికీ మర్చిపోలేదు. దూరంలో ఉన్నవాళ్లం డబ్బు పంపడమే మేలు, అక్కడ ఏం కావాలో అక్కడివాళ్లే కొనుక్కుంటారు.

నిర్వాహకులు
12 మార్చి, 2:00

రాజోలి అన్న మాటే ఖాయం చేద్దాం. బట్టలు, సామాన్లు వద్దు. ఇవ్వగలిగినవాళ్లు రెడ్‌క్రాస్ ద్వారా నేరుగా పంపండి. ఇక్కడ ఎవరి పేరు మీదా డబ్బు వసూలు చేయొద్దు, అకౌంట్ నంబర్లు పెట్టొద్దు. ఎంత ఇచ్చారో రాయనక్కర్లేదు.

జడ్చర్ల – జపాన్
13 మార్చి, 10:20

నేను పాలమూరు తమ్ముడి అన్నను. అందరికీ దండాలు. ఇక్కడ మీరు రాసినవన్నీ నిన్న రాత్రి చదివాను, అమ్మ పక్కన మీరు ఉన్నట్టే అనిపించింది.

ఆ రోజు నేను తొమ్మిదో అంతస్తులో ఉన్నాను. ఇక్కడ చిన్నచిన్న కంపాలు మామూలే, పది సెకన్లలో ఆగిపోతాయి. ఇది ఆగలేదు. నిమిషం దాటింది, రెండు దాటింది, ఇంకా ఊగుతోంది. బిల్డింగ్ కిర్రుమని చప్పుడు చేస్తూ తాటిచెట్టులా అటూఇటూ ఊగింది. విరగలేదు. ఊగేలా కట్టారు కాబట్టి బతికామని తర్వాత అర్థమైంది.

రైళ్లన్నీ ఆగిపోయాయి. లక్షల మంది నడుస్తున్నారు. నేను 16 కిలోమీటర్ల దాకా నడిచాను. ఒక్కరు తోసుకోలేదు. పబ్లిక్ ఫోన్లు ఆ రోజు ఉచితం చేశారు, వాటి ముందు పొడుగు క్యూలు. ముందున్న పెద్దాయన రెండు మాటలు మాట్లాడి పెట్టేసి, వెనక ఉన్నవాళ్లకు వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు. దారిలో ఒకావిడ చెప్పుల షాపులో హైహీల్స్ విడిచి బూట్లు కొనుక్కుంటోంది. ఒక ఇంటి ముందు అట్టముక్క మీద రాసి పెట్టారు, మా బాత్‌రూం వాడుకోండి అని.

నాకేం కాలేదు. కానీ నా పక్క సీట్లో పనిచేసే ఆయనది సెండాయ్ దిక్కు మియాగి. వాళ్ల అమ్మానాన్న సముద్రం ఒడ్డున ఉంటారు. ఇవాళ్టికీ కబురు లేదు. ఆయన నన్నే అడిగాడు, మీ ఇంటికి ఫోన్ కలిసిందా అని. నాకు కలిసిందని చెప్పడానికి నోరు రాలేదు.

భూకంపం తీవ్రత నిన్నటిదాకా 8.8 అన్నారు, ఇవాళ 9.0 అని సవరించారు.

సాగర్ హిల్‌కాలనీ
13 మార్చి, రాత్రి 8:30

జడ్చర్ల అన్నా, మీ ఆఫీసు ఆయన అమ్మానాన్న క్షేమంగా ఉండాలని మా ఇంటిల్లిపాదీ కోరుకుంటున్నాం.

మా ఊరికీ జపాన్‌కూ పాత చుట్టరికం ఉంది. ఆచార్య నాగార్జునుణ్ని వాళ్లు ర్యూజు అంటారు, తమ గురుపరంపరలో పెద్దగా కొలుస్తారు. నాగార్జునకొండ చూడటానికి వచ్చే జపాన్ యాత్రికులను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. లాంచీ దిగగానే నేలకు దండం పెట్టేవాళ్లు ఉంటారు. ఒక ముసలమ్మ అక్కడి మట్టి చిటికెడు తీసి రుమాలులో కట్టుకోవడం చూశాను. ఇవాళ సాయంత్రం మేం పదిమందిమి కృష్ణ ఒడ్డున దీపాలు వదిలాం. ఆ ముసలమ్మ ఊరు ఏదో అప్పుడు అడగలేదు. అదే తిరుగుతోంది మనసులో.

సూర్యాపేట 65
15 మార్చి, 11:00

ఈ మెసేజ్ పొద్దున్నుంచి అందరికీ వస్తోంది: వాన పడితే బయటికి పోవద్దు, రేడియేషన్ ఉంటుంది, మెడకు బెటాడిన్ రాసుకోవాలి. నిజమా? ఇంకోటి, 19న చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వస్తున్నాడు కాబట్టే భూకంపం వచ్చిందని టీవీలో చెప్తున్నారు.

మిర్యాలగూడ అక్క
15 మార్చి, 11:20

బెటాడిన్ గాయాలకు రాసే మందు. రేడియేషన్‌ను ఆపదు. పిల్లలకు మాత్రం పొరపాటున కూడా తాగించకండి. ఈ మెసేజ్ ఎవరికీ పంపొద్దు, దండం పెడతాను.

నల్లగొండ మాస్టారు
15 మార్చి, 12:05

చంద్రుడి మాట ముందు. చంద్రుడు 19న దగ్గరగా వస్తాడు, నిజమే. కానీ భూకంపం వచ్చింది 11న. దానికి ఐదు రోజుల ముందే, 6న, చంద్రుడు ఆ నెలలో అన్నిటికంటే దూరంగా ఉన్నాడు. జనం చచ్చిపోయి ఉంటే లెక్క కూడా చూసుకోకుండా మాట్లాడటం నాకు చాలా బాధగా ఉంది.

ఇక ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం సంగతి. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు వాటంతట అవే ఆగిపోయాయి. అయితే ఆగినా లోపలి ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది, పొయ్యి ఆర్పినా నిప్పులు కణకణలాడినట్టు. చల్లార్చడానికి నీళ్లు తిప్పుతూ ఉండాలి. కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు సునామీకి మునిగిపోయాయి. అక్కడి నుంచి మొదలైంది. 12న, 14న పేలినవి హైడ్రోజన్ వాయువు పేలుళ్లు, అణుబాంబు లాంటివి కావు. చుట్టూ 20 కిలోమీటర్లు ఖాళీ చేయించారు. ప్రమాదం వాళ్లకు. మనం ఆరు వేల కిలోమీటర్ల పైన ఉన్నాం, మన వానకు భయం లేదు.

సాగర్ హిల్‌కాలనీ
15 మార్చి, 12:40

లంబాపురం, పెద్దగట్టు యురేనియం గనుల మాట లేచినప్పటి నుంచి మా దిక్కు ఆ పేరు వింటేనే భయం సార్. మీరు విడమరిచి చెప్పినందుకు థాంక్స్. 20 కిలోమీటర్లు అంటే మా చుట్టుపక్కల ఎన్ని తండాలో లెక్కపెట్టుకున్నాను. పశువులను ఏం చేసి ఉంటారో ఆ రైతులు.

జడ్చర్ల – జపాన్
21 మార్చి, రాత్రి 9:15

మా ఆఫీసు ఆయన అమ్మగారు ఒక బడిలో శిబిరంలో దొరికారు. నాన్నగారు దొరకలేదు. అమ్మగారిని గుట్ట మీదికి పంపి, పక్కింట్లో మంచం మీదున్న మనిషిని తేవడానికి వెనక్కి వెళ్లారట.

దేవరకొండ
21 మార్చి, 9:40

ఆయనకు మా అందరి తరఫున దండం పెట్టు అన్నా.

వనపర్తి
30 మార్చి, 7:50

మన దేశం నుంచి 46 మంది ఎన్‌డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లు మియాగిలో ఒనగావ అనే ఊరికి వెళ్లారు. ఈ దళం వేరే దేశానికి వెళ్లడం ఇదే మొదటిసారి. 25,000 దుప్పట్లు కూడా పంపారు. రాజోలి అన్నా, మొదటి రాత్రి చెద్దర్లు కావాలని మీరు చెప్పింది గుర్తొచ్చింది.

నల్లగొండ మాస్టారు
22 ఏప్రిల్, సాయంత్రం 5:30

రెండు సంగతులు చదివాను, మీతో చెప్పుకోవాలని ఉంది. కమైషి అనే ఊళ్లో పెద్దబడి పిల్లలు చిన్నబడి పిల్లల చేతులు పట్టుకుని గుట్టకు పరుగెత్తారు. ముందు అనుకున్న చోటు చాలదని ఇంకా పైకి, ఇంకా పైకి పోయారు. బతికారు. ఎవరి కోసమూ ఆగకుండా ఎవరికి వాళ్లు ఎత్తుకు పరుగెత్తమని అక్కడ పాత మాట ఉంది, తెన్‌దెన్‌కో అంటారు. వినడానికి కఠినంగా ఉంటుంది. అమ్మ కూడా పరుగెత్తి ఉంటుందని పిల్లకు నమ్మకం, పిల్ల పరుగెత్తి ఉంటుందని అమ్మకు నమ్మకం ఉంటేనే అది పనిచేస్తుంది. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, ఇది చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

రెండోది అనెయోషి అనే చిన్న ఊరు. 1933 సునామీ తర్వాత పెద్దలు అక్కడ ఒక రాయి నాటారు, దీనికి కింద ఇళ్లు కట్టొద్దని చెక్కి. మొన్నటి నీళ్లు ఆ రాయికి సుమారు వంద మీటర్ల దూరంలో, కిందే ఆగాయి.

మనకెందుకులే అనుకోవద్దు. దక్కన్ గట్టి నేల, కదలదు అనేవాళ్లు. 1993 సెప్టెంబర్ 30న లాతూరు దగ్గర కిల్లారి కదిలింది. రాళ్లూ మట్టీ పెట్టి కట్టిన మందపాటి గోడలు, పైన బరువైన మట్టి మిద్దె, నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. పాలమూరు, నల్లగొండ ఊళ్లలో అటువంటి మిద్దెలు ఇంకా ఎన్ని ఉన్నాయి?

రాజోలి మగ్గం
22 ఏప్రిల్, 9:10

సార్, మా గోడ మీద 2009 నీటి గీత అట్లే ఉంది. సున్నం వేసినప్పుడు దాన్ని వదిలేసి వేయమన్నాను. చిన్నోడు పక్కన నిలబడి ఏటేటా ఎత్తు చూసుకుంటున్నాడు.

జడ్చర్ల – జపాన్
5 మే, రాత్రి 10:05

ఇక్కడ వారం సెలవులు వచ్చాయి. వలంటీర్ల బస్సులో మియాగి వచ్చాను, ఇషినోమాకి అనే ఊరు. మొదటి రెండు రోజులు ఇళ్లలో బురద ఎత్తాం. చేపల వాసన, డీజిల్ వాసన కలిసి ముక్కులోంచి పోవట్లేదు. నిన్నటి నుంచి నన్ను ఫోటోలు కడిగే చోట వేశారు. శిథిలాలు తీసేటప్పుడు దొరికిన ఆల్బంలు, విడి ఫోటోలు అన్నీ తెచ్చి ఒక హాల్లో పెడుతున్నారు. కడిగి, తాడుకు క్లిప్పులతో వేలాడదీస్తాం. జనం వచ్చి వరుసల మధ్య నడుస్తూ వెతుక్కుంటారు.

మొదటి ఫోటో చేతికి రాగానే రాజోలి అన్న గుర్తొచ్చాడు. బడి యూనిఫాంలో ఒక పాప, భుజాన ఎర్ర సంచి. ముఖం మీద బురద. వేలితో తుడవబోయి ఆగాను.

అన్నా, ఒక సందేహం. రెండు ఫోటోలు ముఖానికి ముఖం అతుక్కుపోయి వస్తున్నాయి. మీ అమ్మగారిది ఎట్లా విడదీశారు? ఇక్కడివాళ్లు చెప్తున్నారు గానీ నాకు భాష సరిగ్గా అందట్లేదు, చెడగొడతానేమోనని భయంగా ఉంది.

రాజోలి మగ్గం
5 మే, 10:30

తమ్ముడూ, నీళ్లు చల్లగా ఉండాలి, గోరువెచ్చగా వద్దు. రెండూ కలిపే వెడల్పాటి పళ్లెంలో మునిగేటట్టు పెట్టు, తొందరపడకు. ఒక మూల దానంతట అదే కొంచెం లేస్తుంది. ఆ మూల పట్టుకుని నీళ్లలోనే ఉంచి మెల్లగా తియ్యి, బయటికి తీసి లాగొద్దు. రంగు నీళ్లలోకి దిగుతుంటే ఆపెయ్యి, అట్లే ఉండనివ్వు. ముఖం మీద వేలు పెట్టకు, నీళ్లు కదిలిస్తే మట్టి దానికదే పోతుంది. నీడలో ఆరెయ్యి.

ముఖాలు విడిపోకపోతే బలవంతం చేయకు. అతుక్కునే ఉండనీ. వాళ్లు వచ్చినప్పుడు రెండూ కలిపే ఇవ్వు.